గడ్డ తీశాక గోడలో ఏం మిగిలింది?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఎనిమిది, పది రోజులవుతుంది. పాథాలజీ రిపోర్టు చేతికొస్తుంది. అందులో ‘మీడియల్ మార్జిన్ పాజిటివ్’ అని, అంటే తీసిన ముక్క లోపలివైపు అంచులో క్యాన్సర్ కణాలున్నాయని, ఒక్క లైను కనిపిస్తుంది. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి లక్డీకాపూల్ దగ్గర గది తీసుకుని ఉన్న ఇంటివాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: “మొత్తం తీసేశామన్నారు కదా డాక్టరుగారూ?”

సర్జన్ అబద్ధం చెప్పలేదు. చేతికి తగిలింది, కంటికి కనిపించింది మొత్తం తీశారు. మిగిలింది చేతికీ కంటికీ అందనిది. ఆ మిగిలినదాన్ని రోగి టేబుల్ మీద ఉండగానే పట్టుకోవచ్చా అన్నదే మాలిక్యులర్ ఇమేజింగ్, అంటే అణుస్థాయి చిత్రణ, ముందున్న ప్రశ్న. క్యాన్సర్ ఉన్నచోట వెలిగే రంగును రక్తంలోకి ఎక్కించి, కెమెరాతో చూసి, వెలిగినచోట ఇంకొంచెం కోయడం. మాట విన్నంత తేలిక కాదు పని.

హైదరాబాద్‌కు ఇది దూరపు సంగతి కాదు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో విడుదల చేసిన నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు, వయసు సవరించి లెక్కేస్తే, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువ. లక్ష మంది మహిళలకు 48.

సిరా తగిలిందా లేదా

రొమ్ము మొత్తం తీసేసినా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా ఉండదని మిలాన్‌లోనూ అమెరికాలోనూ జరిగిన రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి. వాటి 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. రొమ్మును నిలబెట్టే ఈ ఆపరేషన్‌నే లంపెక్టమీ అంటారు. దానికున్న షరతు ఒక్కటే, తీసిన ముక్క అంచు శుభ్రంగా ఉండాలి.

అంచు శుభ్రమో కాదో చూసే పద్ధతి పాతది, మొరటుది, అయినా ఇప్పటికీ ప్రమాణం అదే. తీసిన ముక్కకు సర్జన్ దారాలు కడతారు. పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం చంక వైపుకు గుర్తు. పాథాలజీ ల్యాబులో దాని ఆరు ముఖాలకూ ఆరు రంగుల సిరా పూస్తారు. కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో నానాక బ్రెడ్ ముక్కల్లా 3 నుంచి 5 మి.మీ. మందాన కోస్తారు. అందులోంచి మళ్లీ 4, 5 మైక్రాన్ల పలుచని పొరలు తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. నాళాలు దాటి పాకిన ఇన్వేసివ్ క్యాన్సర్‌లో సిరా మీద క్యాన్సర్ కణం కనబడకపోతే చాలు, అంచు నెగటివ్. ఇది 2014లో అమెరికా సర్జన్ల, రేడియేషన్ నిపుణుల సంఘాలు కలిసి పెట్టుకున్న నియమం. నాళాల లోపలే ఉండే తొలి దశ క్యాన్సర్‌కు, అంటే డీసీఐఎస్‌కు, 2016లో 2 మి.మీ. ఎడం కావాలన్నారు. అంచు పాజిటివ్ అయితే అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టే ముప్పు కనీసం రెట్టింపు. అందుకే రెండో ఆపరేషన్. లంపెక్టమీ చేయించుకున్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఆ అవసరం పడుతుందన్నది ప్రపంచమంతా వాడుకలో ఉన్న లెక్క.

ఇక్కడో మెలిక ఉంది. 5 మైక్రాన్ల పొర, 4 మి.మీ. ముక్క. అంటే పాథాలజిస్ట్ కంటిముందుకొచ్చేది అంచు మొత్తంలో నూటికి ఒక వంతు కూడా కాదు. పైగా కొవ్వు ముక్క ట్రేలో పెట్టగానే చలిమిడి ముద్దలా పక్కలకు పరుచుకుని ఎత్తు తగ్గిపోతుంది. రొమ్ములో ఉన్నప్పుడు సెంటీమీటరు దూరంలో ఉన్న అంచు బల్లమీద అర సెంటీమీటరుకు రావచ్చు. సిరా పగుళ్లలోకి జారి లోపలి కణాలకు అంటుకోవచ్చు. రిపోర్టులో రాసిన మిల్లీమీటర్లను కొలబద్దతో కొలిచినంత కచ్చితం అనుకోకూడదు.

చేయి ఎక్కడ మోసపోతుంది

గడ్డ గట్టిగా, గోళీలా ఉంటే సర్జన్ వేలికి దొరుకుతుంది. రెండు రకాలు మాత్రం దొరకవు. ఒకటి డీసీఐఎస్. పాల నాళాల వెంట గరిక వేరులా పాకుతుంది. మధ్యలో ఖాళీ వదిలి మళ్లీ మొదలవుతుంది కూడా. రెండోది లోబ్యులర్ క్యాన్సర్. కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టుకుని ఉంచే ఇ-క్యాడెరిన్ అనే ప్రొటీన్ పోవడంతో అవి గుంపుకట్టవు, ఒకదాని వెనక ఒకటి వరసలో జారుకుంటాయి. మామోగ్రామ్‌లోనూ అది ఉన్నదానికన్నా చిన్నదిగానే కనిపిస్తుంది.

మన దగ్గర మూడో చిక్కు ఒకటి ఎక్కువ. గడ్డ పెద్దదయ్యాక వచ్చేవాళ్లు చాలామంది కాబట్టి ముందు కీమో ఇచ్చి, తగ్గాక కోస్తారు. కీమోకు కొన్ని గడ్డలు చుట్టూ నుంచి లోపలికి కుంచించుకుపోతాయి. కొన్ని అక్కడక్కడా కరిగి, మిగిలిన చుక్కలు చెల్లాచెదురుగా ఉండిపోతాయి. కీమో మొదలుకాకముందే అల్ట్రాసౌండ్ చూస్తూ గడ్డ మధ్యలో లోహపు క్లిప్ వేయించకపోతే, బాగా స్పందించిన రోగిలో ఎక్కడ కోయాలో తెలియని పరిస్థితి వస్తుంది. ఏ రంగూ ఆ క్లిప్‌కు బదులు కాదు.

థియేటర్‌లో ఇప్పుడున్న సాధనాలు మూడు. తీసిన ముక్కకు అక్కడే ఎక్స్‌రే: క్లిప్పు, సున్నపు చుక్కలు ముక్కలో వచ్చాయో లేదో చెబుతుంది, అంచులోని కణాల సంగతి చెప్పదు. ఫ్రోజెన్ సెక్షన్, అంటే ముక్కను గడ్డకట్టించి పలచగా కోసి చూడటం: 20, 30 నిమిషాలు ఆగాలి. రొమ్ములో ఎక్కువ భాగం కొవ్వు, ఆ కొవ్వు మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా సరిగా గట్టిపడక బ్లేడు కింద చిరిగిపోతుంది. గాజు పలక మీద అంచును అద్ది చూసే ఇంప్రింట్ పద్ధతి వేగమైనదే, కానీ ఉపరితలం మీద ఉన్న కణాలే అంటుతాయి, ఆ కణాలను చదవగల నిపుణులు, సైటాలజిస్ట్, పక్కనే ఉండాలి.

ఈ మూడూ చూసేది బయటికొచ్చిన ముక్కను. రోగిలో మిగిలింది ఆ ముక్క కాదు, అది వదిలిన గుంత. రంగుతో చూసే పద్ధతిలో అసలు కొత్తదనం ఇక్కడే ఉంది. అది గుంత గోడలను చూస్తుంది.

వెలుగు ఎలా పుడుతుంది

చీకట్లో టార్చిలైటు మీద అరచేయి పెడితే వేళ్ల సందుల్లో ఎర్రగా కనిపిస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ వెలుగును మింగేస్తుంది, ఎరుపును కొంతవరకు పోనిస్తుంది. 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య, కంటికి కనబడని ఎరుపు అవతలి వెలుగు ఇంకొంచెం లోతుకు పోతుంది. ఆపైన నీరు అడ్డం పడుతుంది. అందుకే ఈ రంగులన్నీ ఎరుపు చివరనో దానికి అవతలో మెరిసేలా తయారుచేస్తారు. అయినా స్పష్టంగా తెలిసేది కొద్ది మిల్లీమీటర్ల లోతు వరకే. పెట్ స్కాన్ ఒళ్లంతా చూస్తుంది గానీ నాలుగైదు మిల్లీమీటర్లకన్నా చిన్నదాన్ని విడదీయలేదు. ఆ పని వేరు, ఈ పని వేరు.

రంగుల్లో మూడు జాతులున్నాయి. మొదటిది ఐసీజీ, ఇండోసయనిన్ గ్రీన్. దీన్ని చూసే కెమెరాలు నగరంలోని పెద్ద ఆసుపత్రుల లాప్రోస్కోపీ థియేటర్లలో ఇప్పటికే ఉన్నాయి. కానీ ఐసీజీకి క్యాన్సర్‌ను గుర్తుపట్టే గుణం ఏదీ లేదు. రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది, కారే రక్తనాళాలున్నచోట కాస్త ఎక్కువ నిలుస్తుంది, అంతే. వాపులోనూ నిలుస్తుంది. చంకలోని గ్రంథి వెతకడానికి అది చక్కటి సాధనం. అంచు తేల్చడానికి దాన్ని నమ్ముకోవడం తొందరపాటు.

రెండో జాతి గురి ఉన్నవి. రంగును ఒక యాంటీబాడీకో చిన్న అణువుకో కట్టి, క్యాన్సర్ దగ్గర ఎక్కువగా ఉండే ప్రొటీన్ మీదికి పంపుతారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం బెవాసిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు ఇన్‌ఫ్రారెడ్ రంగు కట్టి రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పరీక్షించింది. మొదటి పరీక్షలో మోతాదు 4.5 మి.గ్రా., అదీ ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు. యాంటీబాడీ పెద్ద అణువు, రక్తంలోంచి నెమ్మదిగా తొలగుతుంది. తొలగేదాకా ఆగకపోతే అంతా వెలుగే, గడ్డకూ పక్కదానికీ తేడా తెలియదు. ఫోలేట్ రిసెప్టర్‌కు గురిపెట్టిన పాఫోలాసయనిన్‌కు అమెరికాలో 2021లో అండాశయ క్యాన్సర్‌కు, 2022లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. రొమ్ముకు కాదు.

మూడో జాతి తెలివైనది. ఎక్కించినప్పుడు వెలగదు. రంగు పక్కనే దాని వెలుగును మింగేసే ఇంకో అణువును ఒక పెప్టైడ్ గొలుసుతో కట్టిపెడతారు. క్యాథెప్సిన్ వంటి, ప్రొటీన్లను కోసే ఎంజైములు ఆ గొలుసును తెంపితే రెండూ విడిపోయి రంగు వెలుగుతుంది. గడ్డలోనూ దాని సరిహద్దులో చేరిన మాక్రోఫేజ్ (చెత్తను మింగే రక్షక) కణాల్లోనూ ఈ ఎంజైములు ఎక్కువ. ఈ పద్ధతిలో తయారైన పెగులిసియనిన్‌ను, ‘లూమీసైట్’ పేరుతో, దానికోసమే చేసిన చేతి కెమెరాతో కలిపి అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఏప్రిల్‌లో లంపెక్టమీకి అనుమతించింది.

ఆ రోజు పని ఎలా నడుస్తుంది

మోతాదు కిలో బరువుకు 1 మి.గ్రా. 60 కిలోల మనిషికి 60 మి.గ్రా., మూడు నిమిషాలపాటు నరంలోకి. కెమెరాతో చూడటానికి 2 నుంచి 6 గంటల ముందు ఇవ్వాలి. థియేటర్ జాబితా ఈ కిటికీ చుట్టూ కట్టుకోవాలి. ముందు కేసు సాగి సాగి ఆరు గంటలు దాటిందంటే మందు వృథా. ఎలర్జీ తీవ్రంగా వచ్చి ప్రాణం మీదికి రావచ్చన్న హెచ్చరిక మందు లేబుల్ మీద నల్లపెట్టెలోనే ఉంది. కాబట్టి వార్డులో నర్సు ఒక్కరే ఉన్న చోట ఎక్కించకూడదు. ఎడ్రినలిన్, ఆక్సిజన్, వాటిని వాడటం తెలిసిన చేయి పక్కనే ఉండాలి. మూత్రం నీలంగానో పచ్చగానో వస్తుందని ముందే చెప్పకపోతే రోగి కంగారుపడతారు.

గడ్డ మామూలుగానే తీస్తారు. తరవాత గుంతలో కారే రక్తం ఆపి, సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డతో అద్ది ఆరబెడతారు. ఈ ఆరబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం ఫలితం ఇందులోనే ఉంది. గోడ మీద రక్తపు పొర ఉంటే వెలుగును అదే మింగేస్తుంది, కెమెరా ఆ గోడను శుభ్రమని చూపిస్తుంది. కాటరీతో, అంటే కాల్చి కోసే పరికరంతో, మాడిన పొర కూడా అడ్డమే. థియేటర్ దీపాలు తగ్గించి, స్టెరైల్ తొడుగు వేసిన కెమెరా కొసను గోడకు ఆనించి పైన, కింద, లోపలివైపు, చంకవైపు, ముందు, వెనక ఒక్కొక్కటీ చూస్తారు. ఎంత వెలిగితే అనుమానించాలో అన్నది అందరికీ ఒకటే కాదు. ఆ రోగి గుంత గోడల చిత్రాల నుంచే సాఫ్ట్‌వేర్ ఒక హద్దు లెక్కగడుతుంది. ఆ హద్దు దాటినచోట తెరమీద ఎర్రగా చూపిస్తుంది. అక్కడ పలచగా ఇంకో ముక్క తీసి, దాన్ని విడిగా గుర్తువేసి పంపి, గోడను మళ్లీ చూస్తారు.

ఒక లాభం పెద్దగా ఎవరూ మాట్లాడరు. చూస్తున్నది గుంతను కాబట్టి తీసిన ముక్క ఆగాల్సిన పనిలేదు, వెంటనే ఫార్మలిన్‌లోకి పోవచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, హెర్2 పరీక్షలు నమ్మదగ్గవిగా రావాలంటే గంటలోపు ముక్క ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి.

ఇక గొడవ ఒకటుంది. మన థియేటర్లలో సెంటినెల్ గ్రంథి, అంటే చంకలో క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథి, కోసం ఎక్కువగా వాడేది చవకగా దొరికే మిథిలీన్ బ్లూ. అది వెలుగును మింగేది సుమారు 660 నానోమీటర్ల దగ్గర. పెగులిసియనిన్ పనిచేసేదీ ఆ ఇరుగుపొరుగులోనే. మిథిలీన్ బ్లూ ఇచ్చిన కాసేపటికి పల్స్ ఆక్సీమీటర్ అంకె ఉత్తుత్తినే పడిపోవడం ఎనస్థీషియా వాళ్లందరికీ తెలుసు. కారణం అదే, ఆ యంత్రంలోని ఎర్రదీపం కూడా 660 దగ్గరిదే. అందుకే గుంత చూడటం పూర్తయ్యేదాకా నీలి రంగు ఎక్కించవద్దని లేబుల్ చెబుతుంది. చంక పని ముందు, రొమ్ము పని తరవాత అన్న అలవాటున్న సర్జన్ వరసను తిరగేసుకోవాలి.

అంకెలు ఏం చెబుతున్నాయి

పెగులిసియనిన్ అనుమతికి ఆధారమైన ఇన్‌సైట్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మందు ఎక్కించుకున్నవారు 406 మంది. వారిలో కెమెరా చెప్పినట్టు కోసినవారు 357. మామూలు ఆపరేషన్ అయిపోయిందనుకున్న తరవాత వీరిలో 27 మందిలో, అంటే 7.6 శాతంలో, మిగిలిపోయిన క్యాన్సర్ బయటపడింది. ప్రచారంలో వినిపించేది ఈ అంకె. దాని పక్కనే ఇంకొకటుంది. మామూలు ఆపరేషన్ తరవాత అంచు పాజిటివ్ ఉన్నవారు 62 మంది, వెలుగు సాయంతో అది నెగటివ్‌గా మారింది 9 మందిలో. 357కు 9. ఒక్క రెండో ఆపరేషన్ తప్పించడానికి సుమారు 40 మందికి మందు ఎక్కించాలి. దుష్ఫలితాలవల్ల 406లో ఆరుగురికి మందు ఎక్కించడం మధ్యలో ఆపేశారు, ఇద్దరికి అవి తీవ్రమైనవి.

ఒక్కో అంచు లెక్కన చూస్తే క్యాన్సర్ ఉన్నచోట వెలిగింది 49 శాతం, లేనిచోట వెలగకుండా ఉన్నది 85 శాతం. దీన్ని ఊహా లెక్కలో పెట్టి చూద్దాం. వెయ్యి గోడలు, వాటిలో వందలో క్యాన్సర్ ఉందనుకుందాం. ఆ వందలో 49 వెలుగుతాయి, 51 చీకటిగానే ఉంటాయి. మిగతా 900లో సుమారు 135 ఉత్తినే వెలుగుతాయి. వెలిగిన 184లో నిజం 49, అంటే నాలుగింట ఒకటి. మూడుసార్లు మంచి కణజాలం కోస్తే ఒకసారి క్యాన్సర్ దొరుకుతుంది. వెలుగు లేదంటే మాత్రం శుభ్రమని రాసుకోవడానికి లేదు.

ఉత్తినే వెలగడానికి కారణం ఎక్కువసార్లు మాక్రోఫేజ్‌లే. బయాప్సీ సూది పోయిన దారి మానుతుంటే అక్కడ చేరతాయి. కీమోకు కరిగిన గడ్డ స్థానంలోనూ చేరతాయి. వెలగకపోవడానికి లోతు, రక్తపు పొర, తక్కువ కణాలు కారణాలు. మందు చేరే రక్తనాళాలకు దూరంగా, గోడ చెదరని నాళంలో కూర్చున్న డీసీఐఎస్ ఇంకో అనుమానం.

అంతకన్నా లోతైన ప్రశ్న మరొకటి. ‘సిరా మీద కణం లేకపోతే చాలు’ అన్న 2014 నియమం వెనక ఉన్న ధైర్యం రేడియేషన్, మందులు. కొద్ది కణాలు మిగిలినా అవి చూసుకుంటాయన్న నమ్మకం. అలాంటప్పుడు వెలుగు పట్టించిన ఆ అదనపు కణాలు తీయడంవల్ల పదేళ్ల తరవాత జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందా? ఇన్‌సైట్ కొలిచింది మిగిలిన క్యాన్సర్‌ను, తిరగబెట్టడాన్ని కాదు.

కాంతి మీదే ఆధారపడని దారులూ ఉన్నాయి. రేడియో తరంగాలతో ముక్క ఉపరితలాన్ని తడిమే మార్జిన్‌ప్రోబ్‌కు 2012లోనే అమెరికా అనుమతి వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ ‘ఐనైఫ్’ కాటరీ పొగను అణువులను తూచే యంత్రం, మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పీల్చి కొవ్వు అణువుల తీరు చదువుతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం 2017లో చూపిన పెన్ను 10 మైక్రోలీటర్ల నీటి బొట్టును కణజాలం మీద మూడు సెకన్లు ఉంచి పరీక్షకు పంపుతుంది. వీటి వెనక ఉండే యంత్రం ఫ్రిజ్ అంత, ధర భవంతి అంత.

ముందు చేయాల్సిన పని

అమెరికాలోని యేల్‌లో 235 మందితో జరిపి 2015లో ప్రచురించిన పరీక్ష ఒకటి గుర్తుచేసుకోవాలి. అందులో రంగు లేదు, కెమెరా లేదు. గడ్డ తీశాక గుంత గోడల నుంచి చుట్టూ పలచని ముక్కలు అదనంగా తీశారు, అంతే. దాన్ని షేవ్ అంటారు. పాజిటివ్ అంచులు 34 శాతం నుంచి 19 శాతానికి, రెండో ఆపరేషన్లు 21 నుంచి 10 శాతానికి తగ్గాయి. నూటికి పదకొండు రెండో ఆపరేషన్లు కత్తి, దారం, ఆరు డబ్బాల ఫార్మలిన్ ఖర్చుతో తప్పాయి. పాథాలజిస్ట్‌కు పని పెరుగుతుంది, నిజమే. షేవ్ చేశాక మిగిలినదాన్ని పట్టడమే వెలుగు పని. షేవ్ చేయనిచోట వెలుగు కొంటే, చీపురు లేని ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ కొన్నట్టు.

కాబట్టి నగరంలో లంపెక్టమీకి ఒప్పుకున్న మనిషి కెమెరా ఉందా అని అడిగేకన్నా ముందు అడగాల్సినవి ఇవి. కీమోకు ముందు క్లిప్ వేశారా? ముక్కకు థియేటర్‌లోనే ఎక్స్‌రే తీస్తారా? గోడల షేవ్ అలవాటుగా చేస్తారా, అనుమానం వచ్చిన చోటే చేస్తారా? షేవ్ ముక్కలను వేర్వేరు డబ్బాల్లో, ఏ వైపుదో రాసి పంపుతారా? అన్నీ ఒకే డబ్బాలో వేసి పంపితే పాజిటివ్ వచ్చిన రోజు ఏ గోడ కోయాలో ఎవరికీ తెలియదు. రిపోర్టు వచ్చాక ఇంకొకటి. పాజిటివ్ అన్నది ముందు అంచా, వెనక అంచా? ముందు చర్మం దాకా, వెనక ఛాతీ కండరం మీది పొర దాకా తీసేసి ఉంటే ఆ వైపు కోయడానికి రొమ్ము మిగల్లేదు. అప్పుడు రెండో ఆపరేషన్ బదులు రేడియేషన్‌లో ఆ చోటికి అదనపు మోతాదు ఇవ్వడం గురించి వేర్వేరు నిపుణులు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో మాట్లాడతారు. ఆ చోటు ఎక్కడో రేడియేషన్ డాక్టరుకు తెలియాలంటే, కుట్లు వేసేముందే గుంత గోడలకు నాలుగు టైటానియం క్లిప్పులు వేసి ఉండాలి.